థైమస్‌లో బి కణం క్రియాశీలం కావడాన్ని బొమ్మ గీసి వివరించడం ఎలా

విజయవాడ ఇంటర్ కళాశాలల్లో బైపీసీ చదివినవారికి ‘టి కణాలు థైమస్‌లో, బి కణాలు ఎముక మజ్జలో పరిణతి చెందుతాయి’ అన్న వాక్యం నిద్రలో లేపి అడిగినా నోటికి వస్తుంది. అది తప్పు కాదు గాని, ఛాతీ పైభాగంలో ఉండే రోగనిరోధక అవయవమైన థైమస్‌లోనూ యాంటీబాడీలు తయారుచేసే వర్గానికి చెందిన బి కణాలు కొన్ని ఉంటాయన్న సంగతిని మరుగుపరుస్తుంది. ఎలుక థైమస్‌లో ఇవి మొత్తం కణాల్లో ఒక శాతం కంటే తక్కువే. గుంటూరులోనో విజయవాడలోనో ఎంబీబీఎస్ రెండో ఏడాది సెమినార్‌లో ఈ అంశం మీ వంతుకు వస్తే, బోర్డు మీద బొమ్మ గీస్తూ చెప్పడం మేలు.

ముందుగా థైమస్ లోబ్యూల్ (అవయవంలోని చిన్న విభాగం) ఒకటి గీసి, వెలుపలి కార్టెక్స్‌ను, లోపలి మెడుల్లాను వేరు చేయండి. బి కణాన్ని మెడుల్లాలోనో, రెండింటి సరిహద్దు దగ్గరో ఉంచండి. దాన్ని క్రియాశీలం చేసే సీడీ4 టి కణాలు (సీడీ4 అనే ఉపరితల ప్రోటీన్ ఉన్న సహాయక రకం) కార్టెక్స్‌లో తొలి ఎంపిక దాటి మెడుల్లాకు చేరినవి కాబట్టి, ఈ స్థానం తప్పితే తరవాతిదేదీ పొసగదు.

ఇక అసలు ఘట్టం. బి కణం తన గ్రాహకంతో శరీరానికే చెందిన యాంటీజెన్‌ను (రోగనిరోధక కణాలు గుర్తించే పదార్థాన్ని) పట్టుకుని, లోపలికి తీసుకుని, ముక్కలు చేసి, ఆ పెప్టైడ్‌ను (ప్రోటీన్ ముక్కను) టి కణాలకు చూపించే ఎంహెచ్‌సీ-2 అణువుపై ప్రదర్శిస్తుంది. దాన్ని గుర్తించిన టి కణం మీది సీడీ40 లైగాండ్ అనే ప్రోటీన్, బి కణం మీది సీడీ40 అనే గ్రాహకంతో కలుస్తుంది. ఈ కలయికను పక్కన పెద్దదిగా గీయండి. సీడీ40 లేని ఎలుకల్లో థైమస్ బి కణాల సంఖ్యే బాగా పడిపోతుందన్న ఒక్క మాటతో దీని ప్రాధాన్యం తెలిసిపోతుంది. టైప్-3 ఇంటర్‌ఫెరాన్ అనే సంకేత ప్రోటీన్ కూడా తోడ్పడుతుందని ఎలుకలపై పరిశోధనల్లో తేలింది. దానికి చిన్న బాణం చాలు.

సంకేతం అందాక బి కణంపై ఎంహెచ్‌సీ-2తో పాటు, టి కణాలకు తోడు సంకేతమిచ్చే సీడీ80, సీడీ86 పెరుగుతాయి, కొన్ని కణాల్లో ఐజీఎం అనే తొలి తరగతి యాంటీబాడీ స్థానంలో వేరే తరగతి యాంటీబాడీ వస్తుంది. సాధారణంగా మెడుల్లా ఎపిథీలియల్ కణాలకే చెందినదని మనం చదువుకునే ‘ఎయిర్’ (AIRE; శరీరంలోని ఇతర అవయవాల ప్రోటీన్లను థైమస్‌లో తయారయ్యేలా చేసేది) అనే జన్యువు ఈ బి కణాల్లోనూ పనిచేయడం నా దృష్టిలో అన్నిటికంటే ఆసక్తికరమైన విషయం. 2015లో వెలువడిన ఎలుకల అధ్యయనం దీన్ని చూపింది.

ఇప్పుడు బాణాన్ని వెనక్కి తిప్పండి: క్రియాశీలమైన బి కణమే టి కణాలను పరీక్షిస్తుంది. స్వీయ యాంటీజెన్‌ను మరీ బలంగా పట్టుకునే టి కణం మరణిస్తుంది, లేదా రోగనిరోధక స్పందనను అదుపు చేసే నియంత్రక టి కణంగా మారుతుంది.

‘ఏ సూక్ష్మజీవి వల్ల ఇది మొదలవుతుంది?’ అని వైవాలో అడిగితే, స్వీయ యాంటీజెన్‌తోనే మొదలవుతుంది కాబట్టి సూక్ష్మజీవి అవసరం లేదని చెప్పండి. ఈ బొమ్మలో జెర్మినల్ సెంటర్ (బి కణాలు గుంపుగా చేరి వృద్ధి చెందే చోటు) మాత్రం గీయకండి. థైమస్‌లో అవి కనిపించడం మయస్థీనియా గ్రావిస్ (కండరాలను బలహీనపరిచే ఆటోఇమ్యూన్ వ్యాధి) రోగుల్లో తరచుగా చూసే మార్పు కనుక దానికి వేరే బొమ్మ కావాలి.