సిమ్ వేయకుండా పాత ఫోన్ వాడుకోవాలంటే

కొత్త ఫోన్ రాగానే పాతది బీరువాలోకి పోతుంది. దానికోసం ఇంకో సిమ్ కొని నెలనెలా రీఛార్జి చేయించడం దండగే. అయితే సిమ్ తప్పనిసరి అయ్యేది మామూలు కాల్స్‌కి, ఎస్సెమ్మెస్‌లకి, దారిలో నెట్‌కి మాత్రమే. ఇంట్లో వైఫై ఉన్నా, ఇంకో ఫోన్ హాట్‌స్పాట్ దొరికినా మిగతా పనులు చాలావరకు నడిచిపోతాయి.

ముందు బ్యాటరీ చూడండి. వెనక మూత ఉబ్బినా, స్క్రీన్ అంచు లేచినా ఛార్జింగ్ పెట్టొద్దు. షాపులో బ్యాటరీ మార్పించాకే మిగతా సంగతి. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి ఛార్జింగ్ పిన్ దగ్గర చిలుము పడుతుంటుంది. ఫోన్ ఆపేసి, మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. గుండుసూదితో గీకితే లోపలి పిన్నులు వంగిపోతాయి.

రీసెట్ దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. ఫొటోలు కాపీ చేసుకుని, మెమరీ కార్డు తీసేసి, సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్లి గూగుల్ అకౌంట్ తొలగించండి. ఆ తర్వాతే, అదే సెట్టింగ్స్‌లోంచి రీసెట్ చేయండి. అకౌంట్ తీయకుండా వాల్యూమ్, పవర్ బటన్లు నొక్కి రీసెట్ కొడితే, ఫోన్ తెరుచుకున్నాక పాత జీమెయిల్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అది గుర్తులేకపోతే ఫోన్ అక్కడే ఆగిపోతుంది. దొంగతనాలకు అడ్డుగా పెట్టిన తాళం అది. మళ్లీ ఆన్ చేసినప్పుడు సిమ్ అడిగితే ‘స్కిప్’ నొక్కండి.

వైఫై కలిపే ముందు తేదీ చూసుకోండి. ఏళ్ల తరబడి బ్యాటరీ నిల్ అయి పడి ఉన్న ఫోన్ ఏ పాత సంవత్సరమో చూపిస్తుంటుంది. తేదీ తప్పుంటే వైఫై కలిసినా వెబ్‌సైట్లు ‘సురక్షితం కాదు’ అని తెరుచుకోవు, ప్లే స్టోర్ తిరుగుతూనే ఉంటుంది. నెట్ చెడిందనుకుని రూటర్‌ని తిట్టుకోవడం తప్ప లాభం ఉండదు. తేదీ, టైం చేత్తో సరిచేస్తే సరి. హాట్‌స్పాట్ పేరు అసలు కనపడకపోతే, ఇచ్చే ఫోన్‌లో బ్యాండ్‌ని 2.4 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. చాలా పాత ఫోన్లకు 5 గిగాహెర్ట్జ్ అందదు. అప్పటికీ కలవకపోతే అదే హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీని డబ్ల్యుపీఏ2 అనే పాత రకానికి దించండి.

కలిసిన వెంటనే ఆ వైఫైని ‘మీటర్డ్’గా (అంటే డేటా పొదుపుగా వాడేలా) పెట్టి, ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆపేయండి. లేదంటే ఆ రోజు డేటా ప్యాక్ మధ్యాహ్నంలోపే హాంఫట్. ఏరోప్లేన్ మోడ్ వేసి వైఫై ఒక్కటీ ఆన్ చేయండి. సిమ్ లేకపోయినా ఫోన్ టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లలో ఆ వెతుకులాటకే ఛార్జింగ్ కరిగిపోతుంది.

వాట్సాప్‌కి కొత్త నంబర్ అక్కర్లేదు. పాత ఫోన్‌లో వాట్సాప్ వేసి, నంబర్ అడిగే చోట పైనున్న మూడు చుక్కలు నొక్కి, ఇంకో ఫోన్‌కి లింక్ చేసేది ఎంచుకోండి. అక్కడొచ్చే క్యూఆర్ కోడ్‌ని అసలు ఫోన్‌లోని ‘లింక్డ్ డివైజెస్’తో స్కాన్ చేస్తే చాలు. పనికి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లినవాళ్లు ఇంటికి వీడియో కాల్ చేస్తే దీనిలోనే మాట్లాడొచ్చు. ఒక అకౌంట్‌కి ఇలా నాలుగు డివైజ్‌లు కలుపుకోవచ్చు. అసలు ఫోన్‌లో 14 రోజులకు మించి వాట్సాప్ తెరవకపోతే లింకులన్నీ తెగిపోతాయి.

జీపీఎస్‌కి సిమ్‌తో పని లేదు. వైఫై ఉన్నప్పుడే గూగుల్ మ్యాప్స్‌లో శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న ప్రాంతం డౌన్‌లోడ్ చేసుకోండి. బండి మీద వెళ్లే దారి చూపిస్తుంది, ట్రాఫిక్ మాత్రం చూపించదు. చాలారోజుల తర్వాత ఆన్ చేస్తే మొదటిసారి లొకేషన్ పట్టడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. చెట్టు కిందో, రేకుల షెడ్డులోనో కాకుండా ఆరుబయట నిలబడండి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు, సిగ్నల్ రెండూ పోయాయి. అలాంటి రోజులకు ఎఫ్ఎం ఉన్న ఫోన్ మేలు. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టాలి, ఆ వైరే యాంటెన్నా. మీ ఊళ్లో ఏ స్టేషన్ అందుతుందో ముందే చూసుకుని, తుఫాను హెచ్చరిక రాగానే ఫుల్ ఛార్జింగ్ పెట్టేయండి. మామూలు రోజుల్లో సగం ఛార్జింగ్‌తో ఆపి ఉంచితే బ్యాటరీ ఎక్కువకాలం ఉంటుంది.

ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి మాత్రం దీనిలో తెరవాలని చూడకండి. బ్యాంకులో ఉన్న నంబర్ సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండి ఎస్సెమ్మెస్ పంపితేనే యూపీఐ రిజిస్టరవుతుంది. ఓటీపీలు కూడా రావు. ఆపదలో ఫోన్ చేయడానికి దీన్ని నమ్ముకోవద్దు, దానికి సిమ్ ఉన్న ఫోన్ ఒకటి పక్కనే ఉండాలి.