గరుకు కోటింగ్ ఉన్న కత్తిని శుభ్రం చేసే ముందు జాగ్రత్తలు

ఈఎస్ఈఈ (ESEE, అమెరికా కత్తుల బ్రాండ్) లాంటి చాలా క్యాంపింగ్ కత్తులకు 1095 కార్బన్ స్టీల్ (తేలిగ్గా తుప్పు పట్టే ఉక్కు రకం) మీద గరుకైన పౌడర్ కోటింగ్ (పొడి రంగును వేడితో అతికించిన పూత) ఉంటుంది. చెట్ల జిగురు, టేపు బంక ఆ గరుకులో ఇరుక్కుపోతాయి.

- పిల్లలు దగ్గర లేకుండా చూసుకోండి. కత్తిని బల్ల మీద పడుకోబెట్టి, మొద్దు వైపు నుంచి పదును వైపుకే తుడవండి. అంచు వెంబడి గుడ్డ లాగితే వేలు తెగుతుంది.

- స్టీల్ పీచు అస్సలు వద్దు. అది గరుకు మొనలను అరగదీసి మెరుపు మచ్చలు చేస్తుంది, గుంటల్లోని బంక మాత్రం అలాగే ఉంటుంది. మెత్తటి పాత టూత్‌బ్రష్ చాలు.

- ముందు గోరువెచ్చని సబ్బు నీళ్లు. లొంగకపోతే గుడ్డకు కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (తేలిగ్గా మంట అంటుకునే శుభ్రపరిచే ద్రవం) అద్ది, పిడి దగ్గర చిన్న చోట రుద్ది చూడండి. గుడ్డకు కోటింగ్ రంగు అంటిందా, ఆపేయండి. పొయ్యి ఆర్పి, కిటికీలు తీసి ఉంచాలి.

- థిన్నర్, అసిటోన్ వద్దు. చాలా నెయిల్ పాలిష్ రిమూవర్లలోనూ అసిటోనే ఉంటుంది. కోటింగ్ మెత్తబడి లేచిపోవచ్చు.

- తడి తుడవడానికి పొడిగుడ్డ, ఆ తర్వాత పూయడానికి ఫుడ్ గ్రేడ్ (తిండికి తగిలినా ఫర్వాలేని) మినరల్ ఆయిల్ ముందే పక్కన పెట్టుకోండి. పదును అంచుకు కోటింగ్ ఉండదు, తడి ఉంటే తుప్పు త్వరగా పడుతుంది. తడి ఆరకుండా తోలు ఒరలో పెట్టొద్దు.