ఎక్సెల్ నేర్చుకుందాం – 5వ పాఠం: శుభ్రంగా కనిపించే షీట్‌లో తప్పు పట్టడం

పోయిన పాఠంలో ఫార్ములా రాసి కిందికి లాగడం చూశాం. ఈసారి కొత్త ఫార్ములా ఏదీ లేదు. వేరేవాళ్లు చేసిన షీట్ మీ ముందు పెట్టి "ఓసారి చూడు, పంపించేద్దాం" అన్నప్పుడు ఎక్కడ చూడాలో నేర్చుకుందాం.

సెల్‌లో హ్యాష్ గుర్తుతో ఎర్రర్ కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. తప్పు ఎక్కడుందో షీటే చెప్తోంది కదా. టెన్షన్ పడాల్సింది ఏ ఎర్రరూ లేని షీట్ గురించే.

నల్గొండ జిల్లా హాలియా వైపు ఒక వడ్ల కొనుగోలు సెంటర్ షీట్ అనుకుందాం. 2025-26 వానాకాలం, గ్రేడ్-ఏ వడ్లు, మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. (సన్నాలకు ఇచ్చే 500 బోనస్ జోలికి ఇప్పుడు పోవద్దు.) బస్తాకు నికరంగా 40 కిలోలు. ఏ (A) కాలమ్‌లో రైతుల పేర్లు, బి (B)లో బస్తాలు, సి (C)లో క్వింటాళ్లు, డి (D)లో డబ్బులు. సి కాలమ్ అంతా బస్తాలను 0.4తో గుణించే ఫార్ములా. 2వ వరస నుంచి 7 దాకా ఆరుగురు రైతులు, బస్తాలు వరసగా 85, 120, 64, 150, 96, 110. 8వ వరసలో మొత్తాలు ఇలా ఉన్నాయి: బస్తాలు 475, క్వింటాళ్లు 250, డబ్బులు 5,94,600.40.

చాలామంది ఇక్కడ మొదటి రైతు దగ్గర మొదలుపెట్టి ఒక్కో సెల్ చూసుకుంటూ పోతారు. ఇరవై వరసలు దాటాక కళ్లు తిరుగుతాయి, తప్పు మాత్రం దొరకదు. ముందు మొత్తాలను ఒకదానితో ఒకటి పోల్చండి. 475 బస్తాలంటే 190 క్వింటాళ్లు. షీట్‌లో 250 ఉంది. తేడా 60 క్వింటాళ్లు, అంటే 150 బస్తాలు. 150 ఉన్నది ఒక్క బి5లోనే.

బి5లో 150 కళ్లకు బాగానే కనిపిస్తోంది. కానీ ఆ సెల్ ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో ఉండటంతో ఎక్సెల్ దాన్ని అంకెగా కాక అక్షరాలుగా దాచుకుంది. తమాషా ఏంటంటే, గుణించేటప్పుడు ఎక్సెల్ దాన్నే అంకెగా మార్చుకుని 60 క్వింటాళ్లు చూపిస్తుంది. మొత్తం వేసే సమ్ (SUM) ఫార్ములా మాత్రం అక్షరాలను లెక్కలోకే తీసుకోదు. అందుకే క్వింటాళ్లు సరిగ్గా వచ్చాయి, బస్తాలు తగ్గాయి. మామూలుగా అంకెలు సెల్‌లో కుడివైపు, అక్షరాలు ఎడమవైపు ఉంటాయి కాబట్టి చూడగానే తెలిసిపోవాలి. ఎవరో అందం కోసం కాలమ్ మొత్తాన్ని సెంటర్‌కు జరిపితే ఆ ఆధారమూ పోతుంది. అంకెల కాలమ్‌ను సెంటర్ చేయకండి, దయచేసి. సరిచేయడానికి బి కాలమ్ సెలెక్ట్ చేసి, డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి నేరుగా ఫినిష్ కొట్టండి. మొత్తం 625 అవుతుంది.

ఇక డబ్బులు. 250ని 2,389తో గుణిస్తే 5,97,250 రావాలి. షీట్‌లో 2,649.60 తక్కువుంది. గ్రేడ్-ఏ ధర అంతకుముందు ఏడాది 2,320, అంటే ఈ 2,389 కంటే 69 తక్కువ. 2,649.60ని 69తో భాగిస్తే 38.4 వస్తుంది. సి6లో ఉన్నవి సరిగ్గా 38.4 క్వింటాళ్లు. పాత షీట్‌ను కాపీ చేసి వాడుకున్నారు, డి6 ఫార్ములాలో పాత ధర అలాగే ఉండిపోయింది. ఆ రైతుకు 2,649 రూపాయల 60 పైసలు తక్కువ పడేవి.

ప్రతిసారీ తేడా ఇంత సులువుగా దారి చూపదు. అప్పుడు కంట్రోల్ పట్టుకుని, ఎస్కేప్ కింద ఉండే కీ నొక్కండి. అంకెల బదులు ఫార్ములాలు కనిపిస్తాయి. అన్నీ ఒకే తీరుగా ఉన్న కాలమ్‌లో తేడాగా ఉన్నది వెంటనే కంట్లో పడుతుంది. ఫార్ములా ఉండాల్సిన చోట ఎవరైనా చేత్తో అంకె కొట్టినా ఇక్కడే బయటపడుతుంది. మళ్లీ అదే నొక్కితే షీట్ మామూలుగా అవుతుంది.

చివరగా, మొత్తం ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తీసుకున్నారో చూడాలి. మొత్తం ఉన్న సెల్‌లో ఎఫ్2 కొడితే కూడుతున్న వరసల చుట్టూ రంగు గీత వస్తుంది. ఆఖర్న కాంటా అయిన రైతు ఆ గీత బయట ఉండిపోతే వెంటనే తెలుస్తుంది. పెద్ద ప్రొఫెసర్లకూ ఇది తప్పలేదు. దేశాల అప్పులకు, వృద్ధికి సంబంధం మీద 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ రాసిన పేపర్ ప్రపంచమంతా చర్చకు వచ్చింది. వాళ్ల ఎక్సెల్‌లో సగటు 30వ వరస నుంచి 49 దాకా తీయాల్సింది 44 దగ్గరే ఆగిపోయింది. ఐదు దేశాలు బయటే ఉండిపోయాయి. 2013లో ఆ షీట్ తెప్పించుకుని ఇది పట్టుకున్నది థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్‌డీ విద్యార్థి. ఆ పేపర్‌పై వచ్చిన అభ్యంతరాల్లో ఇదొక్కటే కాదు, అయినా జనానికి గుర్తుండిపోయింది ఇదే.

ఇంటిపనికి ముందు ఇంకొక్కటి. చేత్తో చిట్టా రాసే గుమాస్తాలకు బాగా తెలిసిన కిటుకు ఇది. పక్కపక్క అంకెలు తారుమారైతే (47 బదులు 74) వచ్చే తేడాను ఎప్పుడూ 9 భాగిస్తుంది. 9 భాగించిన ప్రతి తేడా తారుమారే అని కాదు, కానీ ముందు వెతకాల్సింది అదే.

ఇంటిపని: ట్రక్ షీట్‌లో (లారీలో ఎక్కించిన బస్తాల లెక్క రాసే కాగితం) 625 బస్తాలున్నాయి. మీ షీట్‌లో 58, 120, 64, 150, 96, 110 ఉన్నాయి, అన్నీ నిజంగా అంకెలే, మొత్తం 598. ఆరుగురి రసీదులూ తిరగేయకుండా ముందు ఎవరి రసీదు తీస్తారు? మిగతా ఐదింటిని ఎందుకు వదిలేస్తున్నారో కూడా నోట్‌బుక్‌లో రాయండి. జవాబు ఆరో పాఠంలో, వీలుకప్ (VLOOKUP) ఫార్ములాతో పాటు.