ఏ బార్బెక్యూ పోటీకి ఊరు దాటి వెళ్లొచ్చు? ఎంచుకోవడం ఎలా?

అమెరికాలో మార్చి నుంచి నవంబరు దాకా ఏ శనివారం చూసినా ఎక్కడో ఒక చోట బార్బెక్యూ పోటీ జరుగుతూనే ఉంటుంది. గంట దూరంలో ఉన్నదానికి పెద్దగా ఆలోచించక్కర్లేదు, ఫీజు కట్టి వెళ్లిపోవచ్చు. ట్రక్కుకు ట్రైలర్ తగిలించి నాలుగైదు వందల మైళ్లు వెళ్లాలంటే మాత్రం ముందు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోవాలి. డాలస్, హ్యూస్టన్, అట్లాంటా, కాన్సస్ సిటీ చుట్టుపక్కల ఉంటూ పెరట్లో స్మోకర్ మీద చెయ్యి తిరిగి, దగ్గరి పోటీలు రెండు మూడు చేసినవాళ్ల కోసం ఈ వివరాలు.

ఒక్క మాట మనసులో పెట్టుకుంటే లెక్క తేలికవుతుంది. పోటీ నుంచి చెక్కు రావచ్చు, రాకపోవచ్చు. ఖాయంగా ఇంటికి వచ్చేది న్యాయనిర్ణేతల మార్కుల షీటు మాత్రమే. దూరం వెళ్లడమంటే ఆ షీటును ఎక్కువ ధర పెట్టి కొనడం. ఆ ధరకు అది తగునా లేదా అన్నదే ప్రశ్న.

1. ముందు మాంసం, తర్వాత మ్యాపు

పోటీలకు గుర్తింపునిచ్చి నియమాలు పెట్టే సంఘాలు వేరువేరుగా ఉన్నాయి. ఏం వండాలో అవే చెబుతాయి.

కాన్సస్ సిటీ బార్బెక్యూ సొసైటీ, అంటే కేసీబీఎస్ పోటీలో నాలుగు వంటకాలు ఉంటాయి: కోడి, పోర్క్ రిబ్స్ (పక్కటెముకలు), పోర్క్ (భుజం మాంసం), బీఫ్ బ్రిస్కెట్ (ఛాతీ మాంసం). మామూలుగా శనివారం మధ్యాహ్నం 12:00కు కోడి, 12:30కు రిబ్స్, 1:00కు పోర్క్, 1:30కు బ్రిస్కెట్ అప్పగించాలి. ఒక్కోదానికీ అటు అయిదు, ఇటు అయిదు నిమిషాల గడువు ఉంటుంది. టెక్సాస్‌లో ఎక్కువగా కనిపించే ఇంటర్నేషనల్ బార్బెక్యూ కుకర్స్ అసోసియేషన్, అంటే ఐబీసీఏ పోటీలో మూడే: సగం కోడి, పోర్క్ స్పేర్ రిబ్స్, బ్రిస్కెట్. మెంఫిస్ పద్ధతి పోటీలు పూర్తిగా పంది మాంసానివే: మొత్తం పంది, భుజం, రిబ్స్. వీటిలో ఒకటే ఎంచుకుని దిగొచ్చు. స్టీక్ కుక్ఆఫ్ అసోసియేషన్, అంటే ఎస్‌సీఏ పోటీలో రిబ్ఐ స్టీక్ ఒక్కటే. ఆ స్టీకులు కూడా నిర్వాహకులే ఇస్తారు.

ఈ చివరి రెండూ మనవాళ్లలో చాలామందికి పనికొచ్చే సంగతి. ఇంట్లో బీఫ్ ముట్టనివాళ్లు ఉంటారు, పోర్క్ ముట్టనివాళ్లూ ఉంటారు. రుచి చూడకుండా పోటీ వంట చేయలేం. ఉప్పు ఎక్కిందా, లోపల కండ వదులైందా అన్నది జడ్జీలకు పంపే పెట్టె సర్దే ముందు నాలుకే చెప్పాలి. బీఫ్ తిననివాళ్లు నాలుగు వంటకాల పోటీకి వెళ్లి బ్రిస్కెట్ మానేస్తే, ఆ ఒక్కదాంట్లో సున్నా పడి మొత్తం మార్కుల్లో అడుగుకు పోతారు. వాళ్లు మెంఫిస్ పద్ధతి వైపు చూడడం మేలు. పోర్క్ వద్దనుకునేవాళ్లకు స్టీక్ పోటీలు సరిపోతాయి.

ఇక కారం. కేసీబీఎస్ బల్లల దగ్గర తీపి ముందు, కారం వెనక. టెక్సాస్‌లో ఉప్పు, మిరియాలు, పొగ. గుంటూరు కారం దట్టించిన రిబ్స్ ఇంట్లో లొట్టలేసుకుని తింటారు. పోటీలో మాత్రం రెండో ముక్కకే జడ్జి నీళ్ల సీసా అందుకుంటే ఆ మార్కు అక్కడితో సరి.

2. మార్కులు ఎవరు వేస్తారో చూడండి

కేసీబీఎస్‌లో ఒక బల్లకు ఆరుగురు కూర్చుంటారు. రూపం, రుచి, మెత్తదనం అనే మూడింటికి 9 నుంచి 2 దాకా వేస్తారు. రుచికి సగం కంటే ఎక్కువ బరువు ఉంటుంది, మెత్తదనం బరువు రూపానికి దాదాపు రెట్టింపు. ఆరుగురిలో అందరికంటే తక్కువ వేసినవారి మార్కు తీసేస్తారు. మిగిలిన అయిదుగురివి కలిపితే ఒక వంటకానికి గరిష్ఠం 180, నాలుగింటికి 720. 700 దాటితే గొప్పే.

పోటీ ప్రకటనలో గానీ నిర్వాహకుల దగ్గర గానీ తెలుసుకోవాల్సింది, ఆ జడ్జీల్లో శిక్షణ పొంది ధ్రువపత్రం ఉన్నవాళ్లు ఎందరని. బల్లంతా శిక్షణ ఉన్నవాళ్లయితే మీ షీటును నమ్మొచ్చు. సగం మంది ఆ ఉదయం పోగైన ఊరి పెద్దలైతే, ఎముక నుంచి జారిపోయేంత ఉడికిన రిబ్‌కు 9 పడొచ్చు, కొరికితే పంటి గుర్తు నిలిచే సరైన రిబ్‌కు 7 పడొచ్చు. ఆ షీటు చూసి ఇంటికొచ్చి వంట మార్చుకుంటే ఉన్నదీ చెడుతుంది. ఐబీసీఏలో చాలాచోట్ల మామూలు జనమే జడ్జీలు, అది ఆ పద్ధతిలోనే ఉంది. అక్కడ మొదటి బల్ల దాటినవే చివరి బల్లకు వెళతాయి. కాబట్టి ఆ పోటీలను నేర్చుకోవడానికి కాకుండా గెలవడానికి ఎంచుకోవాలి.

మెంఫిస్ పద్ధతిలో పెట్టె ఇవ్వడంతో పని అయిపోదు. జడ్జీలు మీ స్మోకర్ దగ్గరికే వస్తారు. బల్ల వేసి, ప్లేట్లు పెట్టి, ఏ కట్టె వాడారో, ఎన్ని గంటలు కాల్చారో నోటితో చెప్పాలి. మాట నేర్పున్నవాళ్లకు అది లాభమే. కానీ టెంటు, బల్ల, కుర్చీలు, ఇంకో ఇద్దరు మనుషులు, అన్నీ కలిసి ట్రైలర్ బరువు పెరుగుతుంది.

3. పాత ఫలితాలు తిరగేయండి

గత మూడేళ్ల ఫలితాలు చూడండి. చూడాల్సినవి నాలుగు: ఎన్ని జట్లు వచ్చాయి, మొదటి స్థానానికీ పదో స్థానానికీ తేడా ఎంత, పైన ఎప్పుడూ అవే పేర్లు ఉన్నాయా, జట్ల సంఖ్య ఏటా తగ్గుతోందా. 45, 38, 24 అని దిగజారుతుంటే ఏదో తేడా ఉంది. బహుమతి సొమ్ము ఆలస్యమైందో, స్థలం బాగాలేదో తెలియాలంటే నిరుడు వెళ్లిన ఇద్దరిని అడగాలి. వంటవాళ్లు ఈ విషయంలో మొహమాటపడరు.

మీ సగటు 660 దగ్గర ఉంటే, పదో స్థానం 685 పలికే పోటీకి 500 మైళ్లు వెళ్లి చేసేది తక్కువ. అదే సగటుతో పాతిక జట్ల పోటీలో ఏదో ఒక వంటకానికి వేదిక ఎక్కే వీలుంటుంది.

4. డబ్బు లెక్క

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో 10,000 డాలర్లని ఉంటుంది. దాన్ని విడగొట్టి చూడండి. ఉదాహరణకు 40 జట్లు, మొత్తం విజేతకు 2,500, రెండో స్థానానికి 1,500, మిగిలిన 6,000 నాలుగు వంటకాలకు తలా 1,500. అందులో మొదటి అయిదు స్థానాలకు 500, 400, 300, 200, 100. సగటున జట్టుకు 250 డాలర్లు.

ఇప్పుడు ఖర్చు. వెళ్లడానికి 450 మైళ్లు, రావడానికి 450. ట్రైలర్ లాగే ట్రక్కు గ్యాలనుకు 10 మైళ్లిస్తే 90 గ్యాలన్లు, గ్యాలను 3.50 చొప్పున 315 డాలర్లు. ఎంట్రీ ఫీజు 300. మాంసం 500: ఒక మంచి బ్రిస్కెట్, రెండు పోర్క్ భుజాలు, నాలుగైదు రిబ్స్ పలకలు, రెండు డజన్ల కోడి తొడలు. బొగ్గు, కట్టె, ఫాయిల్, సాస్ కలిపి 100. బస, తిండి 150. మొత్తం 1,365.

ఒక వంటకంలో రెండో స్థానం, ఇంకోదాంట్లో మూడో స్థానం వచ్చిందనుకోండి. అది మంచి రోజే, అయినా చేతికి వచ్చేది 700, ఖర్చులో సగం. చారాణా కోడికి బారాణా మసాలా అంటారే, అదీ సంగతి. లాభం కోసం తిరిగేవాళ్లు స్పాన్సరు ఉన్నవాళ్లు, లేదా రబ్ (మాంసానికి పట్టించే పొడి మసాలా), సాస్ అమ్ముకునేవాళ్లు. మిగతా అందరూ సరదాకు పెట్టే ఖర్చు ఇది. ఎంత దాకా పెట్టగలరో ముందే గీత గీసుకోండి.

అదే షీటు చవకగా రావాలంటే దారులు రెండు. మొదటిది డబుల్స్: ఒకే చోట శనివారం ఒక పోటీ, ఆదివారం ఇంకొకటి. ఫీజు, మాంసం, సరుకులు రెట్టింపై 1,800 అవుతాయి, ఇంధనం మాత్రం అదే 315, బస 250. మొత్తం 2,365, అంటే పోటీకి 1,182. దూరం పెరిగేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. కష్టం కూడా ఉంది. మొదటి రోజు ఫలితాలు చదువుతుండగానే రెండో బ్రిస్కెట్‌కు మసాలా పట్టించాలి, రెండు రాత్రుల నిద్ర పోతుంది. ఆదివారం మాంసానికి వేరే ఐసు పెట్టె కావాలి. పచ్చి మాంసం 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకూడదని నియమం. శనివారమంతా తెరిచి మూసిన పెట్టెలో అది నిలవదు. సోమవారం ఆఫీసు ఉన్నవాళ్లు డబుల్స్‌కు 300 మైళ్లు మించి వెళ్లకపోవడం మంచిది.

రెండోది స్టీక్ పోటీ. ట్రైలర్ అక్కర్లేదు. చిన్న గ్రిల్లు, బొగ్గు సంచి కారు డిక్కీలో పడతాయి. గ్యాలనుకు 25 మైళ్లిచ్చే కారులో అదే 900 మైళ్లు 126 డాలర్లతో అయిపోతాయి. పోటీ కూడా పొద్దున మొదలైతే సాయంత్రానికి తేలిపోతుంది.

5. పేరున్న పోటీలు

వీటికి లెక్క వేరు. కాన్సస్ సిటీలో 1980లో మొదలైన అమెరికన్ రాయల్‌లో రెండు భాగాలు ఉంటాయి. ఆహ్వాన పోటీకి ముందుగా అర్హత సాధించాలి. ఓపెన్‌కు ఎవరైనా రావచ్చు, వందల జట్లు వస్తాయి. అంత గుంపులో మీ పెట్టె ఏ బల్లకు పడుతుందన్నది అదృష్టం. స్థానం మీద ఆశ పెట్టుకోకుండా ఒక్కసారి చూసి రావడానికి వెళ్లొచ్చు. టెనెసీలోని లించ్‌బర్గ్‌లో అక్టోబరులో జరిగే జాక్ డేనియల్స్ పోటీకి పిలుపు ఉంటేనే వెళ్లాలి. అర్హతకు లెక్కలోకొచ్చే పోటీని ఎంచుకునేటప్పుడు, కనీసం ఎన్ని జట్లు రావాలన్న షరతు ఆ ఏడాదికి ఏముందో చూడండి. ఒక్క జట్టు తగ్గినా గెలుపు ఉంటుంది గానీ అర్హత ఉండదు.

మెంఫిస్ మే నెల పోటీ 1978 నుంచి ఉంది. 2024లో అది నది ఒడ్డునున్న టామ్ లీ పార్కు వదిలి లిబర్టీ పార్కుకు మారింది. అదే ఏడాది టామ్ లీ పార్కులో స్మోక్‌స్లామ్ అనే వేరే పోటీ మొదలైంది. ఊరు ఒకటే, పోటీలు రెండు. దరఖాస్తు దేనికి పెడుతున్నారో సరిచూసుకోండి. హ్యూస్టన్ రోడియో పోటీలో 250కి పైగా జట్లు ఉంటాయి. ఫీజు కట్టగానే చోటు దొరికే పోటీ కాదది. అక్కడ చాలా జట్లకు అతిథుల టెంటు ఒక పని, వంట ఇంకో పని.

6. స్థలం, గడియారం, కట్టె

దరఖాస్తులో స్థలం కొలత చూడండి. 20 అడుగులకు 20 అని ఉంటే, ట్రక్కు, ట్రైలర్, టెంటు మూడూ అందులో పట్టవు. కరెంటు 20 ఆంపియర్లా, 30నా? పెల్లెట్ స్మోకర్ 20తో నడుస్తుంది. ట్రైలర్‌లో ఏసీ, మైక్రోవేవ్ కూడా వేస్తే అర్ధరాత్రి ట్రిప్ అవుతుంది, స్మోకర్ చల్లారిపోయాక మెలకువ వస్తుంది. పొడిగింపు తీగ 100 అడుగులది మందపాటిది తీసుకెళ్లండి. జనరేటర్‌కు రాత్రి అనుమతి ఉందో లేదో అడగండి.

మాంసం తనిఖీ శుక్రవారం ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అన్నది ప్రయాణాన్ని నిర్ణయించేది. కేసీబీఎస్‌లో ఇంటి దగ్గర కొవ్వు తీసి ఆకారం దిద్దుకోవచ్చు. ఉప్పు, మసాలా, సూదితో లోపలికి రసం ఎక్కించే ఇంజెక్షన్ మాత్రం తనిఖీ అయ్యాకే. సాయంత్రం ఏడుకు చేరితే తనిఖీ, మసాలా, మంట అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. 250 డిగ్రీల్లో వండే బ్రిస్కెట్ అర్ధరాత్రికల్లా ఎక్కకపోతే 1:30కు ముందు దానికి విశ్రాంతి దొరకదు. పది గంటల డ్రైవ్ ఉంటే శుక్రవారం సెలవు పెట్టకుండా కుదరదు.

అట్లాంటా నుంచి మెంఫిస్ వైపు వెళితే గడియారం గంట వెనక్కి జరుగుతుంది, అటు నుంచి ఇటొస్తే గంట పోతుంది. ఫోను మారుతుంది, గోడ గడియారం మారదు. చేరగానే పోటీ ప్రతినిధి గడియారంతో సరిచేసుకోండి. గడువు దాటిన పెట్టెను తీసుకోరు.

చెట్లకు చీడ పాకకుండా చాలా రాష్ట్రాలు బయటి నుంచి కట్టెలు తేవడాన్ని కట్టడి చేస్తాయి. బట్టీలో ఆరబెట్టి ముద్ర వేసిన కట్టె తీసుకెళ్లండి, లేదా అక్కడే కొనండి. అక్కడ కొన్నది పచ్చిగా ఉంటే పొగ చేదెక్కుతుంది, కాబట్టి చీలికలు ఒకదానికొకటి తట్టి చూడండి. ఎండిన కట్టె ఖంగుమంటుంది. కొలరాడో వైపు వెళ్లేవాళ్లకు ఎత్తు ఇంకో చిక్కు. 5,280 అడుగుల డెన్వర్‌లో నీళ్లు 202 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మాంసం త్వరగా ఆరుతుంది, బొగ్గు మందంగా కాలుతుంది. ఇంట్లో 203కు దించే బ్రిస్కెట్‌ను అక్కడ అంకె చూసి కాకుండా, పుల్ల గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగిందా అని చూసి దించాలి.

7. ఫీజు కట్టే ముందు

నిర్వాహకులకు ఫోను చేసి అడగాల్సినవి ఇవి. బహుమతి సొమ్ము ఖాయమా, జట్ల సంఖ్యను బట్టి తగ్గుతుందా? చెక్కు వేదిక మీదే ఇస్తారా, తర్వాత పోస్టులో వస్తుందా? తుపాను వచ్చి ఆగిపోతే ఫీజు వెనక్కిస్తారా? ఇప్పటికి ఎన్ని జట్లు డబ్బు కట్టాయి? చివరిదానికి సూటిగా అంకె చెప్పకుండా దాటవేస్తే ఇంకో వారం ఆగండి. గెలిచినవారి చేత డబ్ల్యూ-9 ఫారం నింపిస్తారు, ఆ సొమ్ము పన్నుకు లెక్కే. జట్టులో నలుగురుంటే ఎవరి పేరున తీసుకోవాలో బయలుదేరే ముందే తేల్చుకోండి.

రెండో ఏడాది జట్టుకు ఒక సీజను ఇలా పెట్టుకోవచ్చు: గంటన్నర దూరంలోపు మూడు, 300 మైళ్లలోపు ఒక డబుల్స్, జడ్జీలు బాగున్న దూరపు పోటీ ఒకటి. ఆ దూరపుదాన్ని చివర్లో పెట్టండి. ముందు అయిదింటి షీట్లు చేతిలో ఉంటే ఏ వంటకం వెనకబడిందో తెలుస్తుంది. కోడి నాలుగు సార్లు వరసగా 160 దాటకపోతే ఆ ప్రయాణం రద్దు చేసి, ఆ ఇంధనం డబ్బుతో తొడలు కొని పెరట్లో వండుకోవడమే నయం.