సముద్ర సరిహద్దు కేసు వేసేముందు చూసుకోవాల్సినవి

కేసు మొదలుపెడుతూ ఒక దేశం అవతలి దేశానికి ఇచ్చే నోటీసు తప్పుగా రాస్తే సముద్ర సరిహద్దు కేసు గీత గీసేదాకా కూడా వెళ్ళదు. అవతలి దేశం ముందుగా ఎత్తేది "ఈ ట్రైబ్యునల్‌కు విచారణ పరిధే లేదు" అన్న అభ్యంతరం. అందుకే పటాలు పరిచేకంటే ముందు ఒప్పందాన్ని అక్షరం అక్షరం చదవాలి. ఒప్పందం అంటే 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం. ఆర్బిట్రేషన్ (మధ్యవర్తుల ట్రైబ్యునల్ ముందు విచారణ) పద్ధతి దాని ఏడో అనుబంధంలో ఉంది.

అడుగుతున్నది నీళ్ళ గురించా, నేల గురించా? ముందు ఇది తేల్చుకోండి. ఒక దీవి ఎవరిదన్న తగవు ఈ ఒప్పందం కిందికి రాదు. మారిషస్ తమవని వాదించిన చాగోస్ దీవుల చుట్టూ రక్షిత సముద్ర ప్రాంతం ప్రకటించిన బ్రిటన్ మీద మారిషస్ 2010లో కేసు వేసింది. అక్కడ "తీరదేశం" బ్రిటన్ కాదని తేల్చమన్న అభ్యర్థన తన పరిధిలో లేదని 2015లో ట్రైబ్యునల్ చెప్పేసింది. ఆ ప్రాంతాన్ని ప్రకటించిన తీరు ఒప్పందానికి విరుద్ధమన్న వాదన మాత్రం నెగ్గింది. ఫిలిప్పీన్స్ 2013లో చైనా మీద వేసిన కేసులో దీవులు ఎవరివని అడగనే లేదు. ఏది పూర్తి హక్కులున్న దీవి, ఏది వట్టి బండ, ఏది పోటుకు మునిగి ఆటుకు తేలే దిబ్బ అని అడిగింది. మీ అభ్యర్థనలు ఒక్కొక్కటీ తీసి, "దీవి అవతలివాళ్ళదే అనుకున్నా ఇది నిలుస్తుందా?" అని చూడండి. నిలవనిది కొట్టేయండి. దీవే కావాలంటే ఇద్దరూ ముందుగా ఒప్పుకోక తప్పదు. ఎరిట్రియా, యెమెన్ అలా ఒప్పుకునే వెళ్ళాయి. 1998లో దీవుల సంగతి, 1999లో సరిహద్దు తేలాయి.

తర్వాత 298వ అధికరణం. సరిహద్దు గీత, చారిత్రక యాజమాన్యం, సైనిక కార్యకలాపాల వంటి వివాదాలను తప్పనిసరి విచారణ నుంచి మినహాయించుకుంటూ ఏ దేశమైనా ప్రకటన ఇవ్వొచ్చు. చైనా 2006 ఆగస్టులో ఇచ్చింది. అవతలివాళ్ళ ప్రకటన చదవడం అందరూ చేస్తారు. సొంత దేశం ఎప్పుడో ఇచ్చిన ప్రకటన మర్చిపోతారు. మీరు మినహాయించుకున్న రకం వివాదాన్ని అవతలివాళ్ళ సమ్మతి లేకుండా మీరూ వేయలేరు. ఇద్దరి మధ్యా వేరే ప్రాంతీయ ఒప్పందం ఉంటే 281వ అధికరణం కూడా చూడండి: అందులో వేరే పరిష్కార మార్గానికి ఒప్పుకుని, మరే విధానమూ వద్దనుకుని ఉంటే ఈ తప్పనిసరి విచారణ వర్తించదు. ట్యూనా చేపల కేసులో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లు జపాన్ మీద 2000లో ఓడింది దాని దగ్గరే. 283వ అధికరణం కింద అభిప్రాయాలు ఇచ్చిపుచ్చుకున్నట్టు రుజువు కావాలి. వివాదం ఏమిటో, దాన్ని ఏ మార్గంలో పరిష్కరించుకుందామో రెండూ రాసిన దౌత్య లేఖలను తేదీల వారీగా దాచండి. నిరసన లేఖల కట్ట ఒక్కటే చాలదు.

నోటీసు అందిన రోజు నుంచి గడియారం తిరుగుతుంది. ట్రైబ్యునల్‌లో 5 మంది. మీ సభ్యుడి పేరు నోటీసుతోనే ఇవ్వండి. అవతలివాళ్ళకు 30 రోజులు. మిగతా ముగ్గురి మీద 60 రోజుల్లో ఏకాభిప్రాయం రాకపోతే హాంబర్గ్‌లోని సముద్ర చట్ట ట్రైబ్యునల్ అధ్యక్షుడు నియమిస్తారు. ఆయనకు వినతి పంపడానికి మీకున్నది గడువు ముగిశాక 2 వారాలే, ముసాయిదా ముందే సిద్ధంగా ఉంచుకోండి. నియమించాక మీ సభ్యుడితో కేసు గురించి ఒక్క ఫోన్ కాల్ కూడా వద్దు. క్రొయేషియాతో సరిహద్దు కేసులో స్లొవేనియా ప్రతినిధి తమ ఆర్బిట్రేటర్‌తో మాట్లాడిన మాటలు 2015లో బయటపడి, క్రొయేషియా విచారణ నుంచే తప్పుకుంది. 2017లో తీర్పు వచ్చినా దాన్ని అంగీకరించలేదు.

అవతలివాళ్ళు రాకపోతే గెలుపు సులువని అనుకోకండి. తన పరిధి ఉందనీ, వాదన నిజంగా నిలుస్తుందనీ ట్రైబ్యునల్ స్వయంగా తేల్చుకోవాలి. అంటే రాని పక్షం వాదనలు కూడా ఊహించి జవాబు రాయాల్సింది మీరే. డబ్బు కూడా అంతే. ట్రైబ్యునల్ ఖర్చుల కోసం చైనా తన వాటా డిపాజిట్ కట్టకపోతే ఫిలిప్పీన్సే రెండు వాటాలూ కట్టింది. బడ్జెట్ మొదటే రెట్టింపు వేసుకోండి.

సాక్ష్యాల దగ్గర ఎక్కువ కాలం పెట్టండి, ఎక్కువ తప్పులు దొర్లేది అక్కడే. ప్రతి పటానికీ డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కించడానికి తీసుకున్న భూమి నమూనా) ఏదో రాయండి: ఒకే అక్షాంశ రేఖాంశాలు పాత డేటమ్ నుంచి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84కు మారితే స్థానం వందల మీటర్లు జరగొచ్చు. ఉపగ్రహ చిత్రానికి తేదీతో పాటు ఆ గంటకు ఆటుపోటు మట్టం కూడా జతచేయండి, లేకపోతే దిబ్బ తేలి ఉందన్న చిత్రానికి విలువ లేదు. మట్టి పోసి, కాంక్రీటు కట్టి పెంచిన దిబ్బను కట్టడానికి ముందున్న సహజ స్థితితోనే కొలుస్తారు. కాబట్టి పాత నౌకా సర్వేలు వెతకండి. మీ సమదూర రేఖ (రెండు తీరాలకూ సమాన దూరంలో సాగే గీత) నిలబడిన ఆధార బిందువులను, అంటే దూరం కొలవడం మొదలుపెట్టే తీర బిందువులను, ఒక్కొక్కటే తీసేసి గీత ఎంత జరుగుతుందో లెక్కవేయండి. బంగ్లాదేశ్, భారత్ కేసులో ట్రైబ్యునల్ 2013లో చోటు స్వయంగా చూసి, బంగాళాఖాతంలోని న్యూమూర్ దిబ్బ మీద ఆధార బిందువు పెట్టడానికి ఒప్పుకోలేదు. పాత పత్రాల సంగతైతే ముద్ర, కాగితం, సిరా నిపుణులతో పరీక్ష చేయించాకే దాఖలు చేయండి. బహ్రెయిన్‌తో కేసులో ఖతార్ పెట్టిన 82 పత్రాల ప్రామాణికతను బహ్రెయిన్ సవాలు చేస్తే, చివరికి ఖతార్ వాటిని వదిలేసుకోవాల్సి వచ్చింది.

కేసు నడుస్తుండగా చమురు శాఖ, నౌకాదళం ఏం చేస్తున్నాయో కూడా చూసుకోవాలి. గయానా, సురినామ్ కేసులో 2007 తీర్పు ప్రకారం వివాద జలాల్లో ప్రకంపనలు పంపి సముద్రగర్భాన్ని పరిశీలించే సైస్మిక్ సర్వే చేయొచ్చు; శాశ్వత నష్టం చేసే డ్రిల్లింగ్ ఏకపక్షంగా చేయకూడదు. డ్రిల్లింగ్ రిగ్గును వెళ్ళిపొమ్మని సురినామ్ నౌకాదళం ఇచ్చిన హెచ్చరికను బలప్రయోగ బెదిరింపుగానే లెక్కవేశారు. రేడియోలో వాడే మాటలు కూడా న్యాయవాదులు చూసి ఇచ్చినవై ఉండాలి. అత్యవసరమైతే, ట్రైబ్యునల్ ఏర్పడకముందే, తాత్కాలిక ఆదేశాలు కోరుతున్నట్టు అవతలివాళ్ళకు వినతి ఇచ్చి 2 వారాలు గడిచాక, వాటి కోసం హాంబర్గ్‌ ట్రైబ్యునల్‌కు వెళ్ళొచ్చు.

చివరి అభ్యర్థనలో గీత మలుపు బిందువులన్నీ డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో, డేటమ్ పేరుతో అడగండి. సముద్రగర్భం, పైనున్న నీళ్ళు విడివిడిగా చెప్పమనండి. బంగ్లాదేశ్, భారత్ 2014 తీర్పులో కొంత మేర అడుగు ఒకరిదై, పైనీళ్ళు ఇంకొకరివయ్యాయి. ఇద్దరూ ముందే ఒప్పుకుని ఉంటే తప్ప తీర్పు మీద అప్పీలు లేదు. అర్థం మీద తగవు వస్తే మాత్రం అదే ట్రైబ్యునల్ దగ్గరకు మళ్ళీ వెళ్ళొచ్చు.