కథను ముక్కూమొహం తెలియని వాళ్లకు చూపించే ముందు

మొన్న మా బావ వాట్సాప్‌లో ఒక కథ పంపాడు. "సదువప్పా, కండ్లల్లో నీళ్లొస్తాయి" అని పైన రాశాడు. రెండో వాక్యానికే తెలిసిపోయింది, అది నాదే. మూడేళ్ల కిందట రాసింది. నా పేరు ఉండాల్సిన చోట "సేకరణ" అని ఉంది. ఫోన్ చేసి ఆ కథ నాదేనని చెప్పాను. "నీదా? మరి కింద సేకరణ అని ఉండాదే!" అన్నాడు.

ఎవరూ దొంగిలించలేదు. అభిప్రాయం చెప్పండని రెండు వందల మంది ఉన్న గ్రూపులో నేనే పెట్టాను. అందులో నాకు తెలిసినవాళ్లు ఆరుగురు. వచ్చిన అభిప్రాయాలు నాలుగు దండాలు, రెండు గులాబీలు, ఒక "సూపర్ సార్".

సంక్రాంతికీ ఉగాదికీ దీపావళికీ కథల పోటీల ప్రకటనలు పడగానే కొత్తగా రాసేవాళ్లు చాలామంది ఇదే పని చేస్తారు. ఇంట్లోవాళ్లు చదవరు, చదివినా బాగుందనే అంటారు. తెలియనివాళ్లయితే మొహమాటం లేకుండా చెప్తారని ఆశ. ఆ ఆశలో తప్పేమీ లేదు. నా కథలు కాస్తో కూస్తో బాగుపడ్డాయంటే అలాంటివాళ్ల పుణ్యమే. కాకపోతే అప్పట్లో నేను భయపడ్డవాటిలో ఒక్కటీ జరగలేదు. అసలు ఊహించనివే జరిగాయి.

కథ ఎవరికైనా పంపే ముందు పోటీ నియమాలు పూర్తిగా చదవండి. చివర్లో హామీపత్రం సంగతి ఉంటుంది: ఇది నా స్వంత రచన, అనువాదమూ అనుకరణా కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు. ఈమధ్య చాలా ప్రకటనల్లో సోషల్ మీడియాలో కూడా వచ్చి ఉండకూడదని కలుపుతున్నారు. అభిప్రాయం కోసమని కథ మొత్తం నలుగురూ చూసేచోట పెట్టేశాక ఆ పత్రం మీద సంతకం ఎలా పెడతారు? తర్వాత తీసేసినా లాభం లేదు, ఈపాటికి ఎవరి ఫోన్‌లోనో స్క్రీన్‌షాట్ ఉంటుంది. బహుమతి ప్రకటించాక ఆ స్క్రీన్‌షాట్ బయటికి వస్తే టెన్షన్ ఒక్కటే కాదు, పరువు కూడా పోతుంది. అందుకే పోటీకి పంపాలనుకున్న కథను ముగ్గురు నలుగురికి మించకుండా, విడివిడిగా మెయిల్‌లో పంపండి. పదిమందితో మాట పడాలని మరీ ఉబలాటంగా ఉంటే మొదటి పేజీ మాత్రం పెట్టండి, లేదా ఎక్కడికీ పంపే ఉద్దేశం లేని పాత కథ పెట్టండి.

కాపీ కొడతారేమోనన్న భయం గురించి ఎక్కువ చెప్పను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీరు బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. అయితే చట్టం కాపాడేది మీరు రాసిన మాటలను, వాటిని కూర్చిన తీరును. ఆలోచనకు కాపలా లేదు. కొడుకు అమెరికాలో, తల్లి ఊళ్లో ఒంటరిగా అన్న ఆలోచన ఎవరిదని అడిగితే తెలుగు కథకుల్లో సగంమంది కోర్టు మెట్లెక్కాలి. ప్రతి పేజీ పైనా మీ పేరు, కథ పేరు పెట్టండి. పంపిన మెయిల్ చెరిపేయకండి, తేదీకి అదే సాక్ష్యం. నేను గ్రూపులో పెట్టినప్పుడు పేరు చివర ఒక్కచోటే వేశాను. ఆ ఒక్క లైను తీసేసి "సేకరణ" అని టైపు చేయడానికి ఎంతసేపు పడుతుంది?

దీనికంటే పెద్ద ప్రమాదం కథలోని మనుషులతో వస్తుంది. పేర్లు మారిస్తే సరిపోతుందనుకుంటాం. మా మేనత్త పొలం తగాదా మీద నేనొక కథ రాశాను. పేరు మార్చాను. గుడి వెనక ఇల్లు, ఎండిపోయిన బోరు, ఎద్దును అమ్మిన సంత మాత్రం అలాగే ఉంచాను. నేను పంపిన "అపరిచితుడు" హైదరాబాద్‌లో ఉంటాడు, కానీ వాళ్ల అత్తగారిది మా పక్క ఊరు. మనవాళ్లలో ఇద్దరు కలిస్తే మూడో ప్రశ్నకల్లా ఊరు, నాలుగో ప్రశ్నకు ఇంటిపేరు బయటపడతాయి, తెలియనివాళ్లు అంటూ ఎవరూ మిగలరు. ఎవరి పరువైనా పోయేలా రాస్తే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ఉంది. రెండేళ్ల వరకు శిక్ష పడొచ్చు. చనిపోయినవాళ్ల గురించి రాసినా, వాళ్ల కుటుంబాన్ని నొప్పించాలని రాశారని తేలితే అది వర్తిస్తుంది. కథల విషయంలో కోర్టు దాకా పోయేది తక్కువ. పెళ్లి పిలుపు ఆగిపోవడం మాత్రం జరుగుతుంది, మాకు జరిగింది. మనిషిని గుర్తుపట్టించే మూడు నాలుగు ఆనవాళ్లు మార్చండి: ఊరు, వృత్తి, పిల్లల సంఖ్య, ఇల్లున్న చోటు. ఎవరి జబ్బులైనా, చిన్నపిల్లల అసలు పేర్లైనా డ్రాఫ్టులో కూడా వద్దు.

ఇక ఏం అడగాలి? "ఎలా ఉందో చెప్పండి" అంటే "బాగుందండి" అనే వస్తుంది. పెళ్లిభోజనం ఎలా ఉందని అడిగితే ఉప్పు తక్కువైందని ఎవరైనా చెప్తారా? పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే చెప్తారు. నేనిప్పుడు ఇలా రాస్తున్నాను:

"నమస్తే అండీ. నాలుగు పేజీల కథ, పావుగంట పడుతుంది. వచ్చే ఆదివారంలోగా చదవగలిగితే మూడు విషయాలు చెప్పండి. ఎక్కడ చదవడం ఆపేయాలనిపించింది? ఎవరు ఎవరో ఎక్కడైనా తికమక పడ్డారా? ముగింపు ఏ పేరా దగ్గర ముందే తెలిసిపోయింది? కుదరకపోతే ఏం పర్లేదు. దయచేసి ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి."

మూడో ప్రశ్న నన్ను చాలాసార్లు కాపాడింది. అడిగే ముందు వాళ్లు రాసినదేదైనా ఒకటి చదివి, దాని మీద నిజంగా నాలుగు మాటలు చెప్పి ఉంటే మీ కథ కూడా శ్రద్ధగా చదువుతారు. గడువు రేపనగా మాత్రం అడగకండి. అప్పుడు వచ్చిన మంచి సలహా కూడా మనసు పాడుచేయడానికే పనికొస్తుంది.

ఫైల్ విషయంలో రెండు జాగ్రత్తలు. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్స్‌లో టైపు చేయించిన కథను అలాగే పంపితే అవతలివాళ్ల ఫోన్‌లో పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్‌లోకి మార్చండి, లేదా పీడీఎఫ్ పంపండి. గూగుల్ డాక్స్ లింక్ ఇస్తే "కామెంటర్" అనుమతి ఇవ్వండి, "ఎడిటర్" కాదు. నేను ఎడిటర్ ఇచ్చాను. ఒక పెద్దాయన ఓపిగ్గా కూర్చుని, పాపం మంచి మనసుతోనే, కథ మొత్తం "సరిదిద్దారు".

ఆయన చేసిందేమిటంటే మా అనంతపురం మాటలన్నీ తీసేశారు. "యాడికి పోతాండావప్పా" అన్న ముసలాయన "ఎక్కడికి వెళ్తున్నావయ్యా" అంటున్నాడు. గొర్రెల కాపరి పంతులుగారిలా మాట్లాడుతున్నాడు. గూగుల్ డాక్స్‌లో పాత ప్రతులన్నీ దాచి ఉంచే వెర్షన్ హిస్టరీ ఉండబట్టి నా కథ నాకు తిరిగొచ్చింది. కరీంనగర్ మిత్రుడికీ ఇదే అనుభవం, అతని "వచ్చిండు" ప్రతిచోటా "వచ్చాడు" అయిపోయింది. కొత్తవాళ్లు ఇక్కడే మోసపోతారు. అవతలివాళ్లు పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లు, వాళ్లకే తెలుసనుకుని తమ యాసను తామే తుడిచేసుకుంటారు. అచ్చుతప్పు, యాస ఒకటి కాదు. "విధ్యార్థి" అని రాస్తే దిద్దుకోవాల్సిందే. సంభాషణలో "పోతాండావు" అలాగే ఉండాలి. కథనం సగం పుస్తక భాషలో, సగం యాసలో కారణం లేకుండా ఊగుతుంటే మాత్రం ఎవరైనా ఎత్తి చూపినప్పుడు వినండి. పంపేటప్పుడే "సంభాషణలు మా ప్రాంతపు యాసలో ఉన్నాయి, వాటిని మార్చనక్కర్లేదు" అని ఒక్క ముక్క రాస్తే ఈ బాధ ఉండదు.

సలహాల్లో ఏది తీసుకోవాలి అంటే, ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు ఒకే పేరా దగ్గర తడబడ్డామంటే అక్కడ ఏదో ఉంది. దాన్ని బాగుచేయడానికి వాళ్లు చెప్పే మందు మీకు నప్పకపోవచ్చు. నొప్పి ఎక్కడో రోగినే అడగాలి, చీటీ రాసేది మాత్రం మీరే.

ఘాటుగా రాస్తే ఆ రాత్రికి జవాబివ్వకండి. "నా ఉద్దేశం అది కాదండీ" అని వివరించబోతే చదివినాయన మళ్లీ మీ కథ ముట్టడు. కులం తీసి తిడితే, బెదిరిస్తే అది విమర్శ కాదు: ముందు స్క్రీన్‌షాట్, తర్వాత బ్లాక్, అవసరమైతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు. ఆడవాళ్లకు ఇంకో గొడవ, రాత్రి పదకొండింటికి "మీ కథ చదివాను, ఒకసారి కాల్ చేయొచ్చా" అని మెసేజ్. ఫోన్ నంబర్ ఇవ్వకుండా, కథల కోసమే వేరే మెయిల్ పెట్టుకోమని మా అక్కకు చెప్పాను. ఇప్పుడు ఆమెకు ప్రశాంతంగా ఉంది.

తిట్టేవాడికంటే మరీ పొగిడేవాడి దగ్గర జాగ్రత్త. "అద్భుతం, పుస్తకం వేద్దాం, ఐఎస్‌బీఎన్‌కు ఇంత కట్టండి" అంటారు. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య. మన దేశంలో ఆ నంబరును రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. పురస్కారానికి ఎంపికయ్యారు, శాలువాకు, మెమెంటోకు రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి అనేవాళ్లు ఇంకో రకం. శాలువా కావాలంటే బజార్లో కొనుక్కుంటే చవక. మోసపోయి డబ్బు పంపేసుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అభిప్రాయాలన్నీ వచ్చాక మూల ప్రతిని ముట్టుకోకుండా వేరే కాపీలో దిద్దండి. పంపే రోజు ఏ ఫైల్ పంపుతున్నారో ఒకసారి తెరిచి చూడండి. పక్కన ఎవరివో కామెంట్లు అలాగే ఉన్న కాపీని నేనొకసారి పత్రికకు పంపేశాను. మూడో పేజీలో "ఇక్కడ కొంచెం బోర్ కొట్టింది" అని ఉంది.