తీర్పు చదవడం నేర్చుకుందాం - 4వ పాఠం: ఈ శిక్ష తక్కువేనా?

పోయిన పాఠంలో తీర్పు చివరి పేజీలు తిరగేసి, ఏ సెక్షన్ కింద ఎన్నేళ్లు వేశారో రాసిన పేరాను పట్టుకోవడం నేర్చుకున్నాం. నోటుబుక్కులో ఒక గడిలో సెక్షన్, పక్క గడిలో శిక్ష రాసుకోమన్నాను. ఈ రోజు మూడో గడి గీయండి. అందులో చట్టం చెప్పిన కనీస శిక్ష రాయాలి.

పేపర్లో వార్త చదివి "ఇంత ఘోరానికి ఇంతేనా?" అనుకుంటాం. ఆ బాధ న్యాయమైనదే. కానీ కోర్టులో దాన్ని నిలబెట్టాలంటే చాలా వాదించాలి. అదే శిక్ష కనీసం కంటే తగ్గిపోయిందని తేలితే సెక్షన్ చూపిస్తే చాలు. అందుకే ముందు ఈ తేడా కనిపెట్టడం రావాలి.

సెక్షన్‌లో రెండు మాటల కోసం వెతకండి: "వరకు", "తగ్గకుండా". ఇంగ్లిష్ ప్రతిలో అయితే మొదటిది "మే ఎక్స్‌టెండ్ టు", రెండోది "షల్ నాట్ బి లెస్ దాన్" అని ఉంటుంది. భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ తీయండి. భార్యను భర్త, అత్తింటివాళ్లు హింసించడం, అంటే పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లో 498ఏ. అక్కడ మూడేళ్ల "వరకు" అని మాత్రమే ఉంది. జడ్జి ఆరు నెలలు వేసినా చట్టం దాటినట్టు కాదు. ఇప్పుడు 80వ సెక్షన్ చూడండి. వరకట్న మరణం, పాత 304బీ. ఏడేళ్లకు "తగ్గకుండా", యావజ్జీవం "వరకు" అని ఉంది. ఇక్కడ ఆరేళ్ల పదకొండు నెలలు వేసినా చెల్లదు. అదే ఇల్లు, అదే కట్నం గొడవ, కానీ సెక్షన్ మారితే జడ్జి చేతిలో ఉన్న వెసులుబాటు మారిపోతుంది.

మూడో గడి నింపేటప్పుడు చాలామంది తప్పు చేసేది తేదీ దగ్గర. తీర్పు వచ్చిన రోజు చట్టం కాదు, నేరం జరిగిన రోజు చట్టం చూడాలి. ఆ రోజున్న దానికంటే ఎక్కువ శిక్ష వేయకూడదని రాజ్యాంగం 20వ అధికరణమే చెబుతోంది. పిల్లలపై లైంగిక నేరాలకు శిక్ష వేసే పోక్సో చట్టం 6వ సెక్షన్‌కు 2019 ఆగస్టు 16కు ముందు కనీసం పదేళ్లు, ఆ తర్వాత ఇరవై ఏళ్లు. అలాగే 2024 జులై 1కి ముందు జరిగిన నేరానికి పాత శిక్షాస్మృతే తీయాలి.

తేదీ సరిపోయినా ఇంకో మెలిక ఉంటుంది. ఉత్తరప్రదేశ్ కేసు ఒకటి చూడండి. పన్నెండేళ్లు నిండని పిల్లవాడి మీద లైంగిక దాడి. కింది కోర్టు పోక్సో 6వ సెక్షన్ కింద పదేళ్లు వేసింది. అలహాబాద్ హైకోర్టు అది 4వ సెక్షన్ కిందికి వస్తుందని చెప్పి ఏడేళ్లకు తగ్గించింది. అప్పట్లో 4వ సెక్షన్‌కు కనీసం ఏడేళ్లే కాబట్టి, పైపైన చూస్తే లెక్క సరిపోయింది! కానీ పిల్లల వయసు పన్నెండు లోపుంటే అది 6వ సెక్షనే. రాష్ట్ర ప్రభుత్వం అప్పీలు చేసింది. 2023 జులైలో సుప్రీంకోర్టు పదేళ్ల శిక్షను తిరిగి ఖాయం చేసింది. అందుకే గడిలో అంకె వేసే ముందు, జరిగిన విషయాలకు ఆ సెక్షన్ అతుకుతుందా లేదా చూసుకోండి.

కనీసానికి కిటికీ ఉన్న సెక్షన్లు కూడా ఉంటాయి. "తగిన, ప్రత్యేక కారణాలు" తీర్పులో రాసి కనీసం కంటే తగ్గించవచ్చని కింద ఒక మినహాయింపు ఉంటుంది. ఆయుధాల చట్టంలో కొన్ని నేరాలకు ఇది ఇప్పటికీ ఉంది. అత్యాచారం సెక్షన్‌కు 2013 వరకు ఉండేది. దాన్ని ఎలా వాడారో చదివితే గుండె మండుతుంది. కర్ణాటకలో ఏడెనిమిదేళ్ల పాప కేసులో, దోషి చదువురానివాడని, తాగి ఉన్నాడని, ముసలి తల్లి, భార్యాపిల్లలు అతని మీదే ఆధారపడ్డారని హైకోర్టు పదేళ్లను నాలుగేళ్లు చేసింది. 2000లో సుప్రీంకోర్టు ఆ కారణాలేవీ ప్రత్యేకం కావని పదేళ్లూ తిరిగి వేసింది. మన దగ్గరా అంతే. ఒక మైనరు బాలిక కేసులో హైకోర్టు పదేళ్లను నాలుగేళ్లకు దించితే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1995లో ఆ శిక్ష ఏడేళ్లయింది. పార్లమెంటు 2013లో ఆ మినహాయింపు తీసేసింది. తీసేయడమే సరైందని నా అభిప్రాయం.

ఇక అప్పీలు ఎవరు చేయాలి? శిక్ష చాలదని అప్పీలు చేసే హక్కు ప్రభుత్వానిది. పాత నేర ప్రక్రియ స్మృతిలో 377, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 418. మేజిస్ట్రేటు వేసిన శిక్ష అయితే సెషన్స్ కోర్టుకు, సెషన్స్ జడ్జి వేసినదైతే హైకోర్టుకు ప్రభుత్వ వకీలు, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) ద్వారా వెళ్లాలి. సీబీఐ లాంటి కేంద్ర సంస్థ దర్యాప్తు చేసిన కేసైతే కేంద్రం కూడా వెళ్లవచ్చు. హైకోర్టే తగ్గిస్తే, పైన చూసిన కేసుల్లోలాగా, సుప్రీంకోర్టు ప్రత్యేక అనుమతి అడగాలి. శిక్ష పడినవాడి మాట వినకుండా శిక్ష పెంచకూడదు. ఆ అప్పీల్లో అతను తనను నిర్దోషిగా వదలమని కూడా అడగవచ్చు.

బాధితుల కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే. నిందితుణ్ని వదిలేస్తే, చిన్న నేరం కిందికి దించితే, పరిహారం తక్కువైతే వాళ్లు అప్పీలు చేయవచ్చు. శిక్ష తక్కువైందని మాత్రం చేయలేరు. 2020లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. కన్నబిడ్డను పోగొట్టుకున్న తల్లి ఇంకొకరి గుమ్మం ముందు అర్జీ పట్టుకుని నిలబడాలి. నాకిది సరిగా అనిపించదు. అయినా చట్టం మారేదాకా చేయగలిగింది చేయాలి. తీర్పు సర్టిఫైడ్ కాపీ వెంటనే తీసుకుని, మన మూడు గడుల కాగితం జతచేసి, అప్పీలుకు సిఫారసు చేయమని పీపీకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆలస్యం చేస్తే గడువు దాటిపోతుంది. రివిజన్ అనే ఇంకో దారి కూడా ఉంది, దాన్ని వచ్చే పాఠంలో చూద్దాం.

ఇప్పుడు అభ్యాసం. ఇది ఊహించిన కేసు. అనకాపల్లి జిల్లాలో 19 ఏళ్ల కుర్రాడు 22 కిలోల గంజాయి మూటతో దొరికాడు. కూలి డబ్బుల కోసం మోశానన్నాడు. ప్రత్యేక కోర్టు (అక్కడ కూర్చునేది సెషన్స్ జడ్జే) అతని పేదరికం, వయసు చూసి ఆరేళ్లు వేసింది. మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, శిక్ష పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల వరకు. కిలో దాటి 20 కిలోల లోపైతే పదేళ్ల వరకు. సరుకు కొన్న వ్యాపారికీ, మూట మోసిన ఈ కుర్రాడికీ కనీసం ఒకటే కావడం నన్ను కలవరపెడుతుంది. మీరు మాత్రం గడులు నింపేటప్పుడు చట్టంలో ఉన్నదే రాయండి.

ఈ ఆరేళ్లు చెల్లుతాయా? ప్రభుత్వం అప్పీలుకు ఏ కోర్టుకు వెళ్లాలి? తూకంలో 18 కిలోలే తేలి ఉంటే మీ మూడో గడిలో ఏం రాస్తారు?